గౌరవ సభ్యురాలు 2318 గారికి

కుటుంబాలు చల్లగా ఉండాలంటే ఇంటికొక రాక్ బ్యాండు చొప్పున చెడిపోవాలి!

నవ్వకండి. నేను సరదాకి అనడం లేదు. సరదాగా రాయడం నాకు చేతకాదని ఈ కాలమ్ చదివే పదిమందికీ ఎప్పుడో తెలుసు.

బ్యాండు చెడిపోవడమంటే తాగి తన్నుకోవడం, గిటార్లు నేలకేసి కొట్టడం, హోటల్ కిటికీలోంచి టీవీ విసిరేయడం అనుకునేరు. అవన్నీ బ్యాండు బుద్ధిగా ఉన్న రోజుల్లో చేసే పనులు. చెడిపోవడమంటే పేరు రావడం. కొత్త ఆల్బమ్ హిట్టయిపోవడం. మీరూ, నేనూ, పక్కింటావిడా, మందుల షాపాయనా అందరం ఒకే పాట కూనిరాగం తీయడం. అంతకన్నా పతనం ఇంకేముంటుంది చెప్పండి?

అలాంటి పతనం ఈమధ్య మా ఇంటికి అడగకుండానే వచ్చింది. దానివల్ల మాకు ఒనగూరిన లాభాలు లోకానికి తెలియాలని ఈ వారం పెన్ను పట్టుకున్నాను.

ముందు మా బావ గురించి చెప్పాలి. మా అక్కా, ఆయనా, వాళ్లమ్మాయీ కింద వాటాలో ఉంటారు. పై వాటాలో నేనుంటాను. బావది కట్టుడు పళ్లు చేసే పని. డాక్టరుగారు రోగి నోట్లోంచి తీసిన అచ్చు పంపిస్తే, అందులో ప్లాస్టర్ పోసి, ఎండాక మైనం పరిచి, దాని మీద ఒక్కొక్క పన్నూ నిలబెడతాడు. పన్ను ఒక వెంట్రుకవాసి పక్కకి వంగినా పీకి మళ్లీ పెడతాడు. ఆ ఓపిక చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అంత ఓపికా పళ్ల దగ్గరే ఖర్చయిపోయి ఇంటికొచ్చేసరికి ఏమీ మిగలదని మా అక్క అంటుంది.

ఆ బావకి ప్రాణం 'తుప్పు'. అది ఒక బ్యాండు పేరు. ఇరవై ఏళ్ల కిందట నలుగురు కుర్రాళ్లు, ఖాళీగా పడి ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీ గోదాములో మొదటి షో ఇచ్చారు. వచ్చినవాళ్లు నలభై ఒక్కమంది. మొదటి ఆల్బమ్ కూడా అక్కడే రికార్డు చేశారు. రెండో పాటలో మొదటి నుంచి చివరి దాకా వెనకాల 'గుర్ర్' మని ఒక మోత వస్తుంది. అది గోదాములో ఫ్రిజ్ మోత. ఆ మోతలో ఆధునిక మానవుడి ఒంటరితనం ఉందని అభిమానులు పన్నెండు పేజీల వ్యాసం రాశారు. దాన్ని ఆపే స్విచ్చు ఎక్కడుందో తమకి దొరకలేదని పాడినాయనే ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. పాపం, ఆయనకి తన సంగీతం అర్థం కాలేదని అభిమానులు జాలిపడ్డారు.

ఆ నలభై ఒక్కమందిలో మా బావ నాలుగోవాడు. నేను ఐదోవాణ్ణి!

నా గొప్ప కూడా చెప్పుకోవాలి కదా. బావ ఆ రోజు ఇంటి తాళంచెవి మర్చిపోయి వెళ్లాడు. అక్క నన్ను తరిమింది. నేను తాళంచెవి పట్టుకుని లోపలికి వెళ్లేసరికి వెనకాలే మిగతావాళ్లూ వచ్చి తలుపు మూసేశారు. గంటన్నర సేపు చెవుల్లో వేళ్లు పెట్టుకుని నిలబడ్డాను. అలా నేను చరిత్రలో భాగమయ్యాను.

నంబర్లేమిటని అడుగుతున్నారా? అభిమాన సంఘానికి ఒక సీనియారిటీ జాబితా ఉంది. ఎవరు ఎప్పుడు అభిమానులయ్యారో వరసగా నంబర్లేసి ఉంచారు. జాబితా రాసేది ఒకటో నంబరాయన. ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు, అందరూ లిస్టు మాస్టారంటారు. టికెట్టు ముక్క చూపిస్తే తప్ప ఆయన పై నంబరు ఇవ్వడు. గోదాములో నలభై ఒక్కమందే పట్టారు. ఆ రోజు మేమూ ఉన్నామని ఇప్పుడు వచ్చి ప్రమాణాలు చేస్తున్నవాళ్లు నాలుగొందల దాకా తేలారు!

సంఘానికి ఫోన్లో ఒక గ్రూపుంది. దానికి నిబంధనలున్నాయి. గ్రూపులో పేర్లు వాడకూడదు, నంబర్లే వాడాలి. పేర్లు వాడితే బంధుప్రీతి వస్తుందట. చిన్న నంబరు వాళ్లు ముందు మాట్లాడాలి, పెద్ద నంబరు వాళ్లు తర్వాత మాట్లాడాలి. సభ్యులు ఒకరినొకరు 'గౌరవ' అనే సంబోధిస్తారు, ఎంత తిట్టుకున్నా సరే. అన్నిటికన్నా ముఖ్యమైనది ఏడు రోజుల మౌనం. కొత్త ఆల్బమ్ వచ్చాక మొదటి పదిమందీ విని, ఆలోచించి, తీర్పు చెప్పేదాకా ఏడు రోజులపాటు ఇంకెవరూ 'బాగుంది' అనకూడదు. 'బాగాలేదు' అనడానికి మాత్రం అభ్యంతరం లేదు, అది విడుదలకి ముందు కూడా అనవచ్చు.

ఇంత పద్ధతిగా నడిచే సంసారంలో ఆరో ఆల్బమ్ వచ్చి పడింది. దాని పేరు 'అందరూ రండి'.

పేరు వినగానే గ్రూపులో కలకలం రేగింది. అందరూ అంటే ఎవరు? ఎందుకు రావాలి? వచ్చి ఎక్కడ నిలబడతారు? లిస్టు మాస్టారు ఆ రోజు ఇద్దరు శిష్యులకి బ్రేకు బదులు క్లచ్చు నొక్కమని చెప్పాడట.

ఆల్బమ్‌లో మూడో పాటలో ఒక ఈల ఉంది. నిజం చెప్పొద్దూ, చిన్నపిల్లాడు కూడా వేయగల ఈల. వారం తిరిగేసరికి ఆ ఈల ఊరంతా పాకింది. లిఫ్టులో అదే. బ్యాంకుకి ఫోన్ చేస్తే, 'దయచేసి వేచి ఉండండి' తర్వాత అదే. పక్కవీధి ట్యూషన్ సెంటర్లో లెక్కల మాస్టారు బోర్డు తుడుస్తూ అదే. చివరికి బావ పనిచేసే డెంటల్ క్లినిక్కులో, రోగులు కూర్చునే హాల్లో కూడా పొద్దుట తొమ్మిది నుంచి అదే!

హాలుకీ బావ పని గదికీ మధ్య ఒక చెక్క అడ్డు తప్ప గోడ లేదు. మత్తింజెక్షన్ చేయించుకున్న రోగులు సగం మొద్దుబారిన పెదవులతో ఆ పాటకి ఈల వేయబోయి చొక్కాల మీద చొంగ కార్చుకునేవారు. బావకి అరికాలి మంట నెత్తికెక్కేది. ఇరవై ఏళ్లు గుండెల్లో దాచుకున్న బ్యాండుని పట్టుకుని ఆ రోగులు చొంగతో పాడుతున్నారని ఆయన బాధ. నా కళ్లారా చూశాను, ఆ వారం ఆయన చేసిన పళ్లు కూడా కోపంగా ఉన్నాయి.

ఇక లాభాల సంగతికొద్దాం.

ఆరోగ్యం. పాట వినపడని దారి వెతుక్కుంటూ బావ మూడు వీధులు చుట్టి క్లినిక్కుకి నడిచి వెళ్లడం మొదలుపెట్టాడు. నెల తిరక్కుండా బెల్టుకి కొత్త చిల్లు పొడవాల్సి వచ్చింది. ఏ డాక్టరు చెప్పినా కదలని మనిషిని ఒక్క ఈల నడిపించింది!

భాష. 'నువ్వో వెధవ' అనే మాటని 'గౌరవ 611 గారి వినికిడి శక్తి పట్ల మాకు ఆందోళనగా ఉన్నది' అని రాయడం మనవాళ్లు నేర్చుకున్నారు. ఇది చిన్న ప్రగతా?

ఇవి అందరి ఇళ్లలోనూ ఉండే లాభాలే. మా ఇంటికి ప్రత్యేకంగా జరిగిన మేలు వేరే ఉంది. అది మా మేనకోడలి విషయం.

అమ్మాయికి పదిహేడేళ్లు. రెండేళ్ల నుంచి తండ్రీకూతుళ్ల మధ్య మాటలు తగ్గిపోయాయి. గొడవేం జరగలేదు. గొడవ జరిగి ఉంటే ఎవరో ఒకరం మధ్యలో కూర్చుని రాజీ చేసేవాళ్లం. ముందుగది పక్కనున్న అమ్మాయి గది తలుపు ఒకరోజు మూసుకుంది, ఎందుకు మూశావని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు, అంతే. "తిన్నావా?" "ఊఁ." "గొడుగు తీసుకెళ్లు." "ఊఁ." రోజు మొత్తానికి ఇంతే సంభాషణ. అందులో 'ఊఁ' లు తీసేస్తే మిగిలేది మూడు ముక్కలు. ఒక్కోరోజు వాన లేకపోతే అవి కూడా తగ్గేవి.

'అందరూ రండి' విడుదలైన రోజు పొద్దున్న నేను కిందే ఉన్నాను, అక్క ఇచ్చిన టీ తాగుతూ. పక్కగది తలుపు తెరుచుకుంది. అమ్మాయి ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రెండోది చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"నాన్నా, మూడో పాట విన్నావా? భలే ఉంది!" అంటూ ఆ రెండో ఇయర్‌ఫోన్ ఆయన వైపు చాపింది.

బావ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఏడు రోజులు ఆగాలమ్మా," అన్నాడు.

"ఎందుకు?"

"బాగుందో లేదో చెప్పడానికి."

"నాకు ఇప్పుడే బాగుంటే?"

"నీ నంబరెంత?"

అమ్మాయి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "నంబరుంటే మాట్లాడొచ్చా?" అంది.

"నంబరుంటే ఎవరైనా మాట్లాడొచ్చు."

"అయితే నాకో నంబరివ్వు."

సొంత కూతురు కదా, ఏ యాభయ్యో అరవయ్యో ఇప్పిస్తాడనుకున్నాను. మా బావని మీరెరగరు! పద్ధతి ప్రకారం దరఖాస్తు పెట్టించాడు. మొదటిసారి ఎప్పుడు విన్నారు అనే గడి దగ్గర పేచీ వచ్చింది. అక్క వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది.

"అది కడుపులో ఉన్నప్పుడు నా పొట్టకి స్పీకర్ ఆనించి ఆ గోలంతా వినిపించారు కదండీ! తొమ్మిది నెలలు నిద్ర లేకుండా చేశారు. అది లెక్కలోకి రాదా?"

బావ లిస్టు మాస్టారికి ఫోన్ చేసి అడిగాడు కూడా. టికెట్టు ముక్క ఉందా అన్నాడాయన. కడుపులో ఉన్న పిల్లకి టికెట్టు ఎవరిస్తారు? "సొంత కూతురని వరస తప్పిస్తే రేపు నలుగురూ నన్నేమంటారు?" అని బావ అక్కకి నచ్చజెప్పాడు. జాబితాలో ఆఖర్న ఉన్న నంబరిచ్చారు. 2318.

"మరి నాకు నంబరు లేదుగా, అందుకే కాబోలు ఈ ఇంట్లో నా మాట ఎవరూ వినరు," అంటూ అక్క గరిటెతో సహా లోపలికి వెళ్లిపోయింది.

మౌనం ముగిసింది. మొదటి పదిమందీ తీర్పు చెప్పారు. తొమ్మిదిమంది ఆల్బమ్ ద్రోహమన్నారు. ఐదో నంబరు వాడిగా నేను 'పరిశీలనలో ఉంది' అన్నాను. ఎనిమిదో రోజు పొద్దున్న ఏడింటికి 2318 మొదటి ఉత్తరం రాసింది. మూడో పాట ఎందుకు బాగుందో ఒకటిన్నర పేజీ.

బావ ముందుగదిలో సోఫాలో కూర్చుని చదివాడు. రాసిన మనిషి పక్కగదిలో ఉంది. మధ్యలో ఒక తలుపు, అది కూడా ఓరగా వేసి ఉంది. బావ ప్లాస్టర్ ఎండిపోయిన బొటనవేళ్లతో, ఇరవై నిమిషాలు కష్టపడి జవాబు రాశాడు.

"గౌరవ సభ్యురాలు 2318 గారికి నాలుగో సభ్యుడు వ్రాయునది. మూడో పాటలోని ఈల పట్ల తమరు వెలిబుచ్చిన సంతోషం మా దృష్టికి వచ్చినది. మొదటి ఆల్బమ్‌లో ఎవరూ ఈల వేయలేదని మనవి. అందరూ బాధలో ఉన్నందున ఎవరికీ తీరిక లేదు."

రెండు నిమిషాల్లో బావ ఫోన్ టింగుమంది.

"గౌరవ నాలుగో సభ్యులవారికి. ఇరవై ఏళ్ల కింద బాధలో ఉన్నవాళ్లు ఇప్పటికీ బాధలోనే ఉండాలా? వాళ్లకీ పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. ఎప్పుడో ఒక్కసారైనా ఈల వేయాలనిపించదా? వివరించగలరు."

బావ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "పిల్ల బాగానే రాస్తుందే!" అన్నాడు నాతో, గొంతు తగ్గించి, తలుపు అవతల వినపడకుండా.

పాఠకులారా, అక్కడి నుంచి మొదలైంది మా ఇంటి స్వర్ణయుగం! రెండేళ్లపాటు రోజుకి మూడు ముక్కలు మాట్లాడుకున్న తండ్రీకూతుళ్లు రోజుకి నాలుగు పేజీలు రాసుకోవడం మొదలుపెట్టారు. పొద్దున్న టీతో ఒకటి, మధ్యాహ్నం భోజనం విరామంలో ఒకటి, ఇంటికొచ్చాక రెండు. ఆయన మైనం మీద పన్ను నిలబెడుతూ జవాబు ఆలోచించుకునేవాడు. ఆమె క్లాసులో కూర్చుని రాసేది. ఇంటికొచ్చాక ఆయన ముందుగదిలో టింగు, ఆమె పక్కగదిలో టింగు. మధ్యలో అక్క.

"ఏమండీ, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో అది కూడా గ్రూపులోనే చెప్తారా?" అని అడిగింది ఒకరోజు. ఇద్దరూ తలలెత్తలేదు.

మీరెవరైనా మీ పిల్లలతో అన్ని మాటలు మాట్లాడారా ఈ మధ్య? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి! ఆల్బమ్ బాగుండి, అందరికీ నచ్చి, ఇంట్లో ఎవరికీ పేచీ లేకపోతే ఈ భాగ్యం దక్కేదా?

పది రోజుల్లో ఎన్ని సంగతులు బయటపడ్డాయో! 2318 గారికి లెక్కల కన్నా చరిత్ర ఇష్టమని నాలుగో సభ్యుడికి పదహారో ఉత్తరంలో తెలిసింది. ఇంటర్లో లెక్కల గ్రూపులో చేర్పించింది ఆయనే. నాలుగో సభ్యులవారు ఒకప్పుడు బేస్ గిటార్ నేర్చుకున్నారని 2318 గారికి ఇరవై రెండో ఉత్తరంలో తెలిసింది. ఎప్పుడు మానేశారని ఆమె అడిగింది. ఆయన సంవత్సరం చెప్పాడు. ఆమె లెక్క వేసుకుని, అది తను పుట్టిన ఏడాది కదా, కారణం అదేనా అని అడిగింది. నాలుగో సభ్యుడు 'వేళ్లు లావు' అని జవాబిచ్చాడు. ఆ వేళ్లతో ఆయన ముందుపళ్ల మధ్య వెంట్రుకంత సందు సరిచేస్తాడు!

మధ్యలో ఇంకో సంగతి జరిగింది. అమ్మాయికి వేరే ఊరి కాలేజీలో సీటొచ్చింది. చరిత్ర సీటు. హాస్టల్లో ఉండి చదవాలి. ఆ విషయం ఆమె అక్కకి వంటింట్లో చెప్పింది, నాకు మెట్ల మీద చెప్పింది. నాలుగో సభ్యుడికి మాత్రం ముప్పై ఒకటో ఉత్తరం చివర 'ఇకపై ఈ సభ్యురాలు హాస్టల్ నుంచి వ్రాయగలదు' అని తెలియజేసింది. ఆయన 'శుభాకాంక్షలు' అని రాసి, దాని కిందే డ్రమ్స్ గురించి అర పేజీ రాశాడు.

నేను పక్కనే ఉన్నాను. ఆ మొదటి మాట రాశాక ఆయన బొటనవేలు కదలకుండా ఎంతసేపు ఆగిందో చూశాను. ఇంకేదో రాస్తాడనుకున్నాను. డ్రమ్స్ గురించి రాశాడు.

ముప్పై నాలుగో ఉత్తరం దగ్గర మా స్వర్ణయుగం ముగిసింది.

ఆ రోజు చర్చ ఫ్రిజ్ మోత మీద నడుస్తోంది. కొత్త ఆల్బమ్‌లో ఆ మోత ఎందుకు లేదని, మోత లేని తుప్పు తుప్పేనా అని నాలుగో సభ్యుడు నిలదీశాడు. సీనియర్ నంబర్లన్నీ చప్పట్ల బొమ్మలు పెట్టాయి. దానికి 2318 రాసిన జవాబు నా దగ్గర ఉంది, ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

"గౌరవ నాలుగో సభ్యులవారికి. ఆ రెండో పాట ఈ సభ్యురాలికి మూడేళ్ల వయసు నుంచీ కంఠతా వచ్చు. జ్వరం వచ్చినప్పుడల్లా వాళ్ల నాన్న భుజం మీద వేసుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఆ పాటే పాడేవాడు. ఫ్రిజ్ మోత కూడా నోటితోనే చేసేవాడు. ఆ మోతకి ఆయన ఛాతీ అదురుతుంటే ఈమెకి నిద్ర పట్టేది. అసలు పాటలో మోత ఫ్రిజ్‌దని పదేళ్లొచ్చేదాకా ఈమెకి తెలియదు, నాన్నదే అనుకునేది. ఈ సభ్యురాలికి ఆల్బమ్‌ల గురించి ఏమీ తెలియదు. మాట్లాడుకోవడానికి ఇంకేదీ దొరకలేదు, అంతే."

కాసేపటికి రెండో నంబరాయన ఒక ప్రశ్నార్థకం పెట్టాడు. తొమ్మిదో నంబరాయన, 'ఇది ఆల్బమ్‌కి సంబంధించిన విషయమేనా?' అన్నాడు.

బావ సోఫాలో కూర్చుని ఉన్నాడు. ముఖం ఎర్రబడింది. నలుగురూ చూస్తున్నారనే భయం ఆయనది. లేచి ఆ తలుపు తోసి లోపలికి వెళ్తాడని నేనెదురుచూశాను. ఆయన రాశాడు.

"గౌరవ సభ్యురాలు 2318 గారికి. వ్యక్తిగత విషయాలు గ్రూపులో ప్రస్తావించరాదు. నిబంధన ఆరు. దయచేసి ఆల్బమ్ గురించి మాత్రమే మాట్లాడగలరు."

పదకొండుమంది బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టారు. లిస్టు మాస్టారు, 'నాలుగో సభ్యుల నిష్పాక్షికత మనందరికీ ఆదర్శం' అని రాశాడు. ఆ కిందనే, బూడిదరంగు అక్షరాల్లో, చిన్న వాక్యం ఒకటి కనిపించింది. 2318 గ్రూపు నుంచి వైదొలిగారు.

చూశారా, నిబంధన గెలిచింది! పద్ధతి నిలబడింది! ఇరవై ఏళ్లుగా కాపాడుకున్న సంఘ గౌరవం చెక్కుచెదరలేదు. ఇంట్లో టింగు టింగుమనే గోల కూడా వదిలింది. అక్కకి ఇప్పుడు ఎంత ప్రశాంతతో! రెండు రోజులు ఎవరూ 'తిన్నావా' అని కూడా అడగలేదు. మూడో రోజు అక్క తను పనిచేసే ఆసుపత్రికి బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఏడ్చింది. ఎందుకని అడిగితే చెప్పు కరుస్తోందంది.

మొన్న బుధవారం బావ నా గదికొచ్చాడు. ఆయన పై వాటాకి రావడం ఏడాదికోసారి, అదీ నీళ్ల ట్యాంకు పొంగితే. కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో నాలుగు కాగితాలు. 

"ఒరే బామ్మర్దీ, నువ్వు చెప్తే పాప వింటుంది. మళ్లీ గ్రూపులో చేరమని చెప్పవూ?"

"ఎందుకు బావా?"

"నా జవాబు మిగిలిపోయిందిరా. మూడో పాట మీద. నాలుగు పేజీలొచ్చింది."

"తనకే ఇవ్వు. కిందే ఉందిగా."

"గ్రూపులో లేని వాళ్లకి ఎలా ఇస్తాం?" అన్నాడు. ఆ మాట పైకి అన్నాక ఆయనకే వినపడినట్టుంది, తల దించుకున్నాడు. కాగితాలు మడత పెట్టి మళ్లీ విప్పాడు.

"ఒకటి చెప్తాను, ఎవరితోనూ అనకు. దానికి జవాబు రాయాలని ఆ పాట నలభైసార్లు విన్నాను. పళ్లు చేస్తూ విన్నాను, నడుస్తూ విన్నాను. బాగుందిరా. ఆ ఈల మరీ బాగుంది."

"మరి ఆ మాట చెప్పు దానికి."

"చెప్పి?"

"చెప్పి ఏముంది? మాట్లాడు."

"ఏం మాట్లాడను? బ్యాండు గురించైతే ఎంతైనా మాట్లాడతాను. అది కాకుండా దాంతో మాట్లాడాలంటే నాకు మాట రాదురా. అది వెళ్తోందంటే ఆ తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చేస్తున్నాను. నంబరు పెట్టి రాస్తుంటే బాగుండేది. ఎవరో తెలిసిన మనిషితో మాట్లాడుతున్నట్టు..." అని మధ్యలోనే ఆపేశాడు.

నేను ఆయనకి సమాధానం చెప్పాలి కదా? చెప్పలేదు. 'టీ తాగుతావా బావా' అన్నాను. ఆయన వద్దని, కాగితాలు జేబులో పెట్టుకుని కిందికి దిగి వెళ్లిపోయాడు.

పాఠకులారా, రాక్ బ్యాండులు చెడిపోవడం వల్ల కలిగే లాభాల గురించి ఇంకా రెండు పేరాలు రాసి పెట్టుకున్నాను, చాలా బాగా వచ్చాయి. అవి కొట్టేస్తున్నాను. ఈ వారం ఈ కాలమ్ మీకోసం రాసింది కాదు. ఒక్క మనిషి కోసం రాసింది. మీరు ఏమీ అనుకోకుండా పక్క పేజీకి వెళ్లండి, అక్కడ పదకేళి ఉంది.

బావా, నువ్వు ప్రతి ఆదివారం ఇది చదువుతావని నాకు తెలుసు. తప్పులు పట్టడానికి చదువుతావు, అయినా చదువుతావు. నిబంధనలన్నీ నీవే అన్నట్టు ఇందాకటి నుంచీ నిన్ను ఆడిపోసుకుంటున్నాను గానీ, నీకూ నాకూ తేడా ఏముంది? బుధవారం నువ్వు నా ఎదురుగా కుర్చీలో కూర్చుని అడిగావు. నోటి చివరిదాకా వచ్చిన మాట మింగేసి టీ గురించి అడిగాను. మూడు రోజులు తలుపేసుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్లందరూ చదివే పేపర్లో, నవ్వుతాలు కలిపి, ఆ మాట రాస్తున్నాను. నీ ముఖం చూసి చెప్పే ధైర్యం నాకూ లేదు. మనింట్లో మగవాళ్లిద్దరికీ ఒకటే జబ్బు.

పాప రైలు ఇవాళ సాయంత్రం ఐదున్నరకి.

పేపరు మడిచి పక్కన పెట్టు. ఆ నాలుగు పేజీలు తీసుకెళ్లకు. వెళ్లి, పాట బాగుందని చెప్పు, నాతో చెప్పావు చూడు, అలాగే. ఆ తర్వాత ఏమనాలో తోచకపోతే ఏమీ అనకు, ఊరికే కూర్చో. సూట్‌కేసు జిప్పు పట్టడం లేదట, నిన్నటి నుంచీ ఒక్కతే మోకాలేసి కూర్చుని లాగుతోందని అక్క చెప్పింది. అదైనా ఒక చివర పట్టుకో.